రెండో రొట్టె

ఆ పొద్దున ఆకాశం కిందికి దిగివచ్చి పోప్లార్ చెట్ల కొనల మీద కూర్చుంది. వాన లేదు, మంచు లేదు. ఇళ్ళలో రాజేసిన బొగ్గు పొగ పైకి పోయే దారి లేక తిరిగి వాకిళ్ళలోకే దిగుతోంది. సూర్యుడి కోసం వెతికితే, తోమని రాగి పళ్ళెంలా తూర్పు కొసన ఒక మచ్చ కనబడింది. కాకులు సైతం ఎగరడం మానేసి, ఆకు రాలిన అక్రోటు చెట్టు మీద ముడుచుకుని ఉన్నాయి.

ఆ పొగలోనే జుల్హుమార్ పిండి పెట్టెను లాగుతోంది. అరుగు మీంచి దించి, వాకిలంతా ఈడ్చుకొచ్చి, గోడలో ఉన్న చిన్న తలుపుకి ఆనించింది. పెట్టె నిండా పిండే. ఈడ్చినంత మేరా మట్టిలో రెండు చాళ్ళు పడ్డాయి. ఆమె నడుం పట్టుకుని ఊపిరి తీసుకుంది.

ఆ పట్నంలో పాత ఇళ్ళన్నిటికీ అలాంటి తలుపు ఉంటుంది. రెండిళ్ళకీ మధ్య గోడలో, నడుం వంచి దూరేంత. కూర గిన్నె అటు పోవడానికి, ఉప్పు ఇటు రావడానికి. దానికి ఎటువైపూ గడియ ఉండదు. గడియ పెట్టడమంటే పక్కింటివాళ్ళ ముఖాన ఉమ్మినట్టే. అందుకే జుల్హుమార్ గడియ పెట్టలేదు, పెట్టె పెట్టింది.

తలుపుకి అవతల సనోబర్ ఇల్లు. జుల్హుమార్ మొగుడు పోయిన చలికాలం, నలభయ్యో రోజు దాకా ఆ ఇంటి పొయ్యి మీద ఉడికిన పులుసే ఈ ఇంటి రాత్రి భోజనం. సనోబర్ గిన్నెని కొంగుతో పట్టుకుని వంగి లోపలికొచ్చేది. "తిను చెల్లీ, ఏడవడానికైనా బలం కావాలి" అనేది. ఆ గిన్నె మోసుకుంటూ ఒక్కోసారి ఆమె కొడుకు బోతిర్ కూడా వచ్చేవాడు. అప్పుడు వాడికి మీసాలు మొలవలేదు.

నిన్న సాయంత్రం జుల్హుమార్ కూతురు ఓయ్దిన్ కుట్టు కర్మాగారం నుంచి కాలవ సందులో నడిచి వస్తోంది. సందులో దీపం లేదు. వెనక నుంచి ఒకడు జుట్టు పట్టుకుని లాగాడు. ఫోన్ గుంజుకున్నాడు. పిల్ల వదల్లేదు. వాడు చెయ్యి మెలిపెట్టాడు. మణికట్టు దగ్గర పుల్ల విరిగినట్టు చప్పుడైంది. అప్పుడు వాడు, "ఓయ్దిన్, అరవకు" అన్నాడు.

పేరు పెట్టి పిలిచాడు. ఆ గొంతు ఏ ఇంటిదో పిల్లకి తెలుసు. వంగి చిన్న తలుపులోంచి వచ్చే గొంతే.

*

"కోడలా! ఇంట్లోనేనా?"

మహల్లాకి, అంటే ఆ పేటకి, పెద్ద అయిన మమత్కుల్ గొంతు. జుల్హుమార్‌కి యాభై నిండాయి, జుట్టు సగం నెరిసింది. అయినా ఆ మహల్లాకి పెళ్ళయి వచ్చిన మనిషి కాబట్టి, ముసలాళ్ళకి ఆమె ఇంకా కోడలే.

ఆయన లోపలికొచ్చి, మట్టిలో చాళ్ళు చూశాడు. చాళ్ళ వెంట చూపు నడిపించి పిండి పెట్టె దాకా వెళ్ళాడు. ఏమీ చూడనట్టు అరుగు మీద కూర్చున్నాడు.

"అమ్మాయి జారిపడిందటగా."

"జారడానికి ఇంకా మంచు పడలేదు పెద్దాయనా."

"మంచు లేకపోయినా జారతారు. మొన్న నేను స్నానాల గదిలో జారాను."

"మీ ఫోన్ కూడా పోయిందా?"

మమత్కుల్ గడ్డం నిమురుకున్నాడు. మంచి మనిషే. ఎవరింట్లో చావొచ్చినా ముందు చేరేది ఆయనే. కాలవ నీటి తగాదాలు, మొగుడూ పెళ్ళాల తగాదాలు ఆయన ముందే తీరేవి.

"చూడమ్మా. ఈ శుక్రవారం జిల్లా అధికారి వస్తున్నాడు. వీధి మొగలో ఆయన చేత్తో పచ్చ బోర్డు కొట్టిస్తున్నాం. పట్నం మొత్తంలో ఎర్ర మహల్లాలున్నాయి, పసుపు మహల్లాలున్నాయి. పచ్చది మనదొక్కటే. మూడేళ్ళుగా ఇక్కడ ఒక్క నేరం జరగలేదు."

"ఒక్క నేరం రాయలేదు."

"రెండూ ఒకటే."

"మా పిల్ల చేతికి ఒకటి కాదు."

ఆయన లేచాడు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగాడు. "ఎర్ర మహల్లా అయితే ఏమవుతుందో నీకు తెలియదు కోడలా. పొద్దుగూకితే చాలు, పోలీసులు మన మగపిల్లల్ని వీధిలో నిలబెట్టి జేబులు తడుముతారు. రష్యా పనికి పోయేవాడికి మంచివాడని కాగితం ఇవ్వరు. ఒక్కడి పాపం మూడొందల గడపలకి అంటుతుంది. ఆలోచించు." పెట్టె వైపు గడ్డంతో చూపించాడు. "అది కూడా తీసెయ్. చూసినవాళ్ళు ఏమనుకుంటారు?"

*

ఆ రోజు బుధవారం, తందూరు వంతు ముసలి ఖుమ్రి ఇంట్లో. వీధిలో ఆడవాళ్ళందరూ అక్కడే రొట్టెలు కాలుస్తారు. జుల్హుమార్ పిండి పళ్ళెం నెత్తిన పెట్టుకుని లోపలికి రాగానే మాటలు ఆగిపోయాయి.

"ఆ చీకట్లో పిల్లని కాలవ సందులో ఎందుకు నడవనిచ్చావక్కా?" అంది ఒకావిడ, పచ్చి రొట్టె మధ్యలో పువ్వుల అచ్చు గుద్దుతూ.

"పని విడిచేసరికి చీకటి పడుతోంది. వేరే దారి లేదు."

"దీపం పెట్టించమని అడగాల్సింది."

"అడిగాను. దీపాలూ కెమెరాలూ ఎర్ర మహల్లాలకేనట. మనం పచ్చ కదా, మనకి అవసరం లేదన్నారు."

ఖుమ్రి తందూరులోకి వంగి రొట్టె అంటిస్తూ, తల బయటికి తియ్యకుండానే అంది. "అయితే మనమూ ఎర్రబడదాం. కనీసం ఎవడు కొడుతున్నాడో వెలుతుర్లో చూసుకోవచ్చు."

ఇద్దరు ముగ్గురు నవ్వబోయి ఆపుకున్నారు. అచ్చు గుద్దుతున్న ఆవిడ నవ్వలేదు. "నా కొడుకు వచ్చే నెల రష్యా పోతున్నాడు అవ్వా. నువ్వు హాస్యాలాడకు" అని, జుల్హుమార్ వైపు తిరిగింది. కళ్ళలో కోపం లేదు, భయం ఉంది. "నీ కాళ్ళు పట్టుకుంటానక్కా. ఒక్క నెల ఆగు."

జుల్హుమార్ వంతు రాకముందే తందూరు చల్లబడిందన్నారు. బొగ్గులు ఎర్రగా కణకణలాడుతున్నాయి. ఆమె పచ్చి పిండి పళ్ళెం మళ్ళీ నెత్తికెత్తుకుంది. ఇంటికి పోకుండా, అలాగే పళ్ళెంతోనే మహల్లా పోలీసు గదికి వెళ్ళింది.

*

పోలీసు ఫర్హోద్‌కి ముప్ఫై ఏళ్ళుంటాయి. లేచి నిలబడి కుర్చీ ఇచ్చాడు. పళ్ళెం దించడానికి సాయం పట్టాడు. టీ పోశాడు. ఇంత మర్యాద చూసి ఆమెకి దిగులు పుట్టింది.

"రాయనని నేననను పిన్నీ. అలా అనడానికి నాకు హక్కు లేదు. కానీ మూడేళ్ళ సున్నాల మధ్య ఒక ఒకటి పడితే ఎలా ఉంటుందో తెలుసా? తెల్ల దుప్పటి మీద పేను కనబడ్డట్టు."

"పేను దుప్పటిని కుట్టదు బాబూ. పడుకున్నవాళ్ళని కుడుతుంది."

అతను తల వంచుకున్నాడు. చేతిలో కలం మూత తీశాడు, పెట్టాడు.

"రేపు పొద్దున రండి. అప్పటికీ ఇదే మాట మీదుంటే, మీ ముందే రాస్తాను. నా తల్లి మీద ఒట్టు."

"ఇవాళ ఎందుకు కాదు?"

"ఇవాళ సాయంత్రం మమత్కుల్ పెద్దాయన రొట్టెతో మీ ఇంటికి వస్తున్నాడు." అతను చాలా మెల్లగా చెప్పాడు. "ఆయన వచ్చి వెళ్ళాక కూడా మీరు రాగలిగితే, రండి."

జుల్హుమార్ టీ తాగకుండా లేచింది.

ఆ పట్నంలో తగాదా తీరే పద్ధతి ఒకటే. తప్పు చేసినవాళ్ళు రెండు రొట్టెలు గుడ్డలో చుట్టుకుని నష్టపోయినవాళ్ళ గడప తొక్కుతారు. రొట్టెతో వచ్చిన మనిషిని వాకిట్లో నిలబెట్టకూడదు. గుడ్డ పరిచి కూర్చోబెట్టాలి. నష్టపోయిన ఇంటి మనిషి తన రెండు చేతులతో రొట్టె విరవాలి. విరిచిందా, అక్కడితో సరి. ఆ తర్వాత ఆ మాట నోట రాకూడదు. కోర్టుకి పోకూడదు, పోలీసుకి చెప్పకూడదు, నీళ్ళ దగ్గర దెప్పకూడదు. వడ్రంగి రోజిమత్ తన అన్నతో రొట్టె విరిచాక కూడా ఆవు కోసం కోర్టుకెక్కాడు. ఆవు వచ్చింది. ఆ ఏడే వాళ్ళమ్మ పోయింది. పాడె పట్టడానికి ఒక్కడూ రాలేదు. రోజిమత్ ఆమెని తోపుడు బండి మీద తీసుకుపోవడం జుల్హుమార్ ఈ గుమ్మంలోంచే చూసింది. తనూ గుమ్మం దాటలేదు.

*

"రాయించావా?" అంది ఓయ్దిన్.

పిల్ల గది మూల గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. విరిగిన చెయ్యి శాలువాలో మెడకి వేలాడుతోంది. మెడ మీద జుట్టు లాగిన చోట ఎర్రగా కందింది.

"రేపు రమ్మన్నాడు."

"రేపా?" పిల్ల తల్లి ముఖం చూసింది. "ఇవాళ వాళ్ళు రొట్టె తెస్తున్నారా?"

జుల్హుమార్ పళ్ళెం దించి, పులిసి పొంగిన పిండిని చూస్తూ ఉండిపోయింది.

"రానీ. గుడ్డ కూడా పరిచెయ్. విరవకు మాత్రం."

"విరవకుండా ఎంతసేపు కూర్చోబెడతానే? పెద్దవాళ్ళు..."

"అమ్మా, నువ్వు విరిస్తే నేను ఆ సందులో నడవలేను. వాడు మన అరుగు మీద కూర్చుని టీ తాగితే, ఈ ఇంట్లోనూ ఉండలేను. అప్పుడు ఎక్కడికి పోవాలో నువ్వే చెప్పు."

జుల్హుమార్ పిండి మీద గుడ్డ కప్పింది. వాకిట్లోకి వచ్చింది. వీధి తలుపు తీస్తే, ఎదురింటి తలుపు జానెడు తెరిచి ఉంది. దాని పక్కదీ అంతే. ప్రతి తలుపు సందులోనూ ఒక కన్ను. ఇటు చూస్తే చిన్న తలుపు, దాని వెనక బోతిర్. పైన చూస్తే పొద్దుటి ఆకాశమే ఇంకా కదలకుండా, నాలుగు గోడల మీద మూత వేసినట్టు ఉంది. తన ఇంట్లో తను ఇన్నేళ్ళు ఎంత చిన్న చోట తిరుగుతోందో ఆమెకి ఇవాళే తెలిసింది.

*

పొద్దు వాలుతుండగా చిన్న తలుపు మీద వేళ్ళ చప్పుడైంది. తలుపు కొంచెం కదిలి పెట్టెకి తగిలి ఆగిపోయింది.

"జుల్హుమార్." సనోబర్ గొంతు. "ఏం అడ్డం పెట్టావే?"

"పిండి పెట్టె."

ఆవిడ చెక్కకి నుదురు ఆనించి నిలబడినట్టుంది. గొంతు దగ్గరగా వినబడింది.

"వాడు నిన్నటి నుంచి ముద్ద ముట్టలేదు చెల్లీ. ఫోన్ ఎక్కడ పడేశాడో చెప్పడు. జైలుకి పోతే మనిషిగా తిరిగి రాడు. నీకు తెలుసు కదా, వాడు నీ చేతుల్లో..."

"నా పిల్ల చెయ్యి విరిచాడక్కా."

"తెలుసు."

"తెలిసే రొట్టె చేశావా?"

"ఇంకేం చెయ్యను?" అంది సనోబర్. "నాకింకేం చెయ్యాలో తెలీదే. నువ్వు చెప్పు, చేస్తాను."

జుల్హుమార్ పెట్టె మీద చెయ్యి వేసింది. లాగెయ్యాలనిపించింది. ఆ గొంతు వింటే ఎప్పుడూ అలాగే అనిపించేది. లాగలేదు. "వీధి తలుపున రా" అంది.

అలా సనోబర్ పాతికేళ్ళలో మొదటిసారి ఆ ఇంటికి వీధి చుట్టూ తిరిగి వచ్చింది. పక్కన మమత్కుల్. వెనక సాక్ష్యానికి ఒక తెల్లగడ్డం ముసలాయన. అందరికన్నా వెనక, టోపీ కళ్ళ మీదికి దించుకుని, పులావ్ డేగిసా మోస్తూ బోతిర్. జానెడు తెరిచిన తలుపులన్నీ మూరెడు తెరుచుకున్నాయి.

అందరూ అరుగు మీద కూర్చున్నారు. జుల్హుమార్ గుడ్డ పరిచింది. టీ పోసింది. సనోబర్ మూట విప్పి, రొట్టెలు రెండూ వెల్లకిలా పక్కపక్కన పెట్టింది. బాగా కాలాయి. అంచులు మెరుస్తున్నాయి, మధ్యలో అచ్చు పువ్వుల్లా పడింది. డేగిసా మూత తీస్తే ఆవిరి లేచింది.

మమత్కుల్ అరచేతులు పైకి పట్టి దువా చదివాడు. అందరూ ముఖాలు తడుముకున్నారు. తర్వాత అందరి కళ్ళూ జుల్హుమార్ చేతుల మీద పడ్డాయి.

ఆమె చేతులు ఒళ్ళోనే ఉన్నాయి.

"కోడలా, చల్లారుతోంది" అన్నాడు మమత్కుల్.

"చల్లారనివ్వండి."

ఆవిరి సన్నబడింది. అన్నం మీద గొర్రె కొవ్వు తెల్లగా పేరుకోవడం మొదలైంది. గిన్నెల్లో టీ చల్లబడి పైన పొర కట్టింది. ఎవరూ ముట్టుకోలేదు, ఆమె విరిచేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. తెల్లగడ్డం ముసలాయన దగ్గాడు. బోతిర్ గుడ్డ అంచున దారం ఒకటి లాగుతూ కూర్చున్నాడు.

"ముసలాళ్ళం. ఎంతసేపు కూర్చోబెడతావమ్మా?" మమత్కుల్ గొంతులో ఇంకా మెత్తదనం ఉంది. "నీ ఇంటికి రొట్టె వచ్చింది. రొట్టెని కూర్చోబెట్టడం పాపం."

జుల్హుమార్ చేతులు ఒళ్ళోంచి లేచాయి. ఎందుకు లేచాయో ఆమెకే తెలియదు. యాభై ఏళ్ళు రొట్టె చూసి లేచిన చేతులవి.

అప్పుడు గది తలుపు చప్పుడైంది. ఓయ్దిన్ వచ్చి గుడ్డ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. ఎవరికీ సలాం చెప్పలేదు. మంచి చేత్తో ఒక రొట్టె తీసి బోతిర్ ముందు పట్టుకుంది.

"బోతిరన్నా. దీన్ని కళ్ళకద్దుకో. నిన్న సాయంత్రం కాలవ సందులో లేనని చెప్పు. ఉంటే ఈ రొట్టె నన్ను కొట్టుగాక అను. నువ్వు అంటే, అమ్మ విరుస్తుంది. నేనే విరవమంటాను."

బోతిర్ రెండు చేతులతో రొట్టె అందుకున్నాడు. అందుకోక తప్పదు, రొట్టె కింద పడకూడదు. గడ్డం దాకా ఎత్తాడు. అక్కడ చేతులు ఆగిపోయాయి. రొట్టె మీది నువ్వు గింజలు రెండు మూడు రాలి మోకాళ్ళ మీద పడ్డాయి.

"అనరా" అంది సనోబర్. "అను నాయనా, అనేసెయ్."

వాడు నోరు తెరిచాడు. "నేను నిన్న..."

"వద్దు!" సనోబర్ వాడి మణికట్టు పట్టేసుకుంది. "వద్దురా, అనకు! రొట్టె మీద అనకు!"

ఆ మాటతో అరుగు మీద అందరికీ అంతా తెలిసిపోయింది. ముందే తెలుసు. ఇప్పుడు తెలియనట్టు ఉండే వీల్లేకుండా పోయింది.

మమత్కుల్ ముందుకి వంగాడు. ఆయన నుదుటి మీద ఆ చలిలో చెమట. బోతిర్ చేతుల్లోంచి రొట్టె లాక్కుని, "బిస్మిల్లా" అని ఫెళ్ళున విరిచాడు. ముక్కలు చేసి గబగబా అందరి ముందూ వేశాడు. సనోబర్‌కి, బోతిర్‌కి, ముసలాయనకి, పిల్లకి, తల్లికి.

"అయిపోయింది. తినండి. ఇంక ఈ మాట లేదు."

వీధిలో ఎవరో హమ్మయ్య అన్నట్టు వినబడింది.

జుల్హుమార్ తన ముందు పడ్డ ముక్కని చూసింది. తర్వాత మమత్కుల్ వేళ్ళని చూసింది. వాటికి ఇంకా రొట్టె పొడి అంటుకుని ఉంది.

"పెద్దాయనా. ఇది ఎవరిల్లు?"

"నీదే కోడలా. ఎవరిదని?"

"మరి రొట్టె ఎవరు విరిచారు?"

మమత్కుల్ వేళ్ళ పొడి దులుపుకోబోయి ఆగాడు. తన రెండు చేతులూ తన ముందు పెట్టుకుని, అవి ఎవరివో అన్నట్టు చూశాడు. మహల్లాలో ఎన్ని తగాదాలు తీర్చిన చేతులు! ఎన్నడూ ఒకరింటి రొట్టె ఆయన విరవలేదు. విరవకూడదని చిన్నవాళ్ళకి నేర్పింది ఆయనే.

"తొందరపడ్డావు మమత్కుల్" అన్నాడు తెల్లగడ్డం ముసలాయన. ఆ సాయంత్రమంతా ఆయన అన్నది అదొక్కటే.

"నేనింకా విరవలేదు" అంది జుల్హుమార్.

గుడ్డ మధ్యలో రెండో రొట్టె గుండ్రంగా, నిండుగా ఉంది. మమత్కుల్ దాని వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు. దాన్ని ఆమె ముందుకి జరపడానికి ఆయన చెయ్యి సగం దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది.

కానీ విరిగిన రొట్టెని వదిలి లేవడం అంతకన్నా పాపం. ఎవరు విరిచినా సరే. అతిథులు లేవలేరు. ఇంటివాళ్ళు లెమ్మనలేరు. ముసలాయన ముందుగా తన ముక్క నోట్లో పెట్టుకున్నాడు. తర్వాత మమత్కుల్. బోతిర్ చేతిలోని ముక్కని చాలాసేపు పట్టుకుని, చివరికి కొరికి, నమిలి, నమిలి, మింగడానికి మెడ సాచాడు. సనోబర్ కన్నీళ్ళు రొట్టె మీద పడకుండా ముఖం పక్కకి తిప్పుకుని తింది.

ఓయ్దిన్ ముక్క పెద్దది. ఒంటి చేత్తో తుంచలేకపోయింది. అలవాటుగా తల్లి చెయ్యి అటు కదిలి, ఆగింది. తుంచడమూ విరవడమే. పిల్ల అర్థం చేసుకుంది. ముక్కని మొత్తం నోటికెత్తి పళ్ళతో కొరికింది.

జుల్హుమార్ చల్లారిన పులావ్ అందరి ముందుకీ జరిపింది. కొవ్వు పేరుకున్న అన్నంలోకి అయిదు చేతులు దిగాయి, ఆరోది ఆమెది. చీకటి పడుతోంది. ఎవరూ దీపం పెట్టమనలేదు. వాకిలి అవతల చిన్న తలుపుకి ఆనుకుని పిండి పెట్టె అలాగే ఉంది. మధ్యలో రెండో రొట్టె అలాగే ఉంది. ఒకరి ముఖం ఒకరు చూడకుండా, ఆరుగురూ డేగిసా అడుగు కనబడేదాకా తిన్నారు.